మూతకు వంపు

మా ఆవిడకు ఎవరి మీదా ఈర్ష్య లేదు. ఆ మాట రోజూ ఆవిడే చెబుతుంది. చెప్పాక ఓ గంటసేపు మా తమ్ముడి భార్య గురించే మాట్లాడుతుంది.

ఆవిడ ఉద్యోగం పేటెంట్ల లాయరు దగ్గర బొమ్మలు గీయడం. ఊళ్లోవాళ్లు ఏది కనిపెట్టినా ఆవిడ గీస్తేనే దరఖాస్తు కదిలేది. అలాంటిది, సొంత తోడికోడలే ఓ మూత కనిపెట్టి ఆవిడ బల్ల ముందు కూర్చుంటే కడుపు మండదా? మూత అంచుకు కొక్కెం ఉంటుంది. వంట మధ్యలో తీసి గిన్నె పక్కనే తగిలించుకోవచ్చు.

"ఇలా నిటారుగా వేలాడితే ఆవిరి నీళ్లన్నీ పొయ్యి మీదే. తుడిచేదెవరు, దీని తాతా?" అని గొణుక్కుంటూ మా ఆవిడ మూతను గిన్నెలోకి వంచి గీసింది. నీటిచుక్క లోపల పడుతున్నట్టు కూడా చూపించింది. ఆ బొమ్మే దరఖాస్తుతో వెళ్లింది. మరదలు అది చూసి మూతలన్నీ అలాగే వంచి చేయించింది. అందరూ మరదలినే మెచ్చుకున్నారు. మా ఆవిడ కళ్లలో నిప్పులు పోసుకుంది.

ఉత్త కొక్కెం పాతదేనని పేటెంటు ఆఫీసు కొట్టిపారేసింది. దాంతో హక్కు ఆ వంపు మీద కావాలని మరదలు మళ్లీ అడిగింది. విచారణకు అందరం వెళ్లాం.

"మొదట మీరిచ్చిన వివరణలో వంపు అన్న మాటే లేదు. లేనిదాని మీద ఇప్పుడు హక్కెలా ఇస్తాం?" అన్నాడు అధికారి.

హక్కు రాకపోతే మూత మూలపడ్డట్టే. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. లాయరు ఆ బొమ్మ తీసి ముందు పెట్టాడు.

"ఇది చెయ్యి జారి వంకరపోయిన గీత కావచ్చుగా?" అన్నాడు అధికారి.

మరదలు కంగారులో నవ్వింది.

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అదే జరిగింది. మా ఆవిడ దిగ్గున లేచింది.

"నా చెయ్యి జారదండీ! కావాలనే వంచాను. ఆ చుక్క ఎక్కడ పడుతోందో చూడండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. "నిజమే, లోపలే పడుతోంది. బొమ్మ కూడా వివరణలో భాగమే. ఇది చాలు" అన్నాడు.

బయటికొచ్చాక, చేజేతులా గెలిపించానే అని మా ఆవిడ మొహం మాడ్చుకుంది. మరదలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ వంపు నీ ఆలోచనే. లాయరుగారికి చెప్పేశాను. కనిపెట్టినవాళ్లలో నీ పేరూ చేర్చాలన్నారు."

మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఎవరి పేరు ముందుంటుంది?" అంది.