ఫ్లాస్క్ పేలకముందు, పేలిన తర్వాత

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని మొహం మీదే తిట్టే మనిషిని నేను. కళ్లు తిరిగాయనో, తాగి ఉన్నారనో అనేవాణ్ణి. ఇప్పుడు నన్నూ అలాగే అంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

మాది తుష్నాబాద్, సముద్రం మధ్య దీవుల్లో ఒక పల్లె. చదివింది ఎనిమిదో తరగతి. ఓడరేవు పక్క హాడోలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు గాజుసామాను కడిగాను. వాళ్లు పారేసిన పుస్తకాలతోనే కెమిస్ట్రీ నేర్చుకున్నాను.

అక్కడ శిరీష మేడమ్ కేన్సర్ మందు తయారుచేస్తోంది. వండూర్ దగ్గర సముద్రంలో దొరికే స్పాంజి అనే జీవిలోని విషం కేన్సర్ కణాల్ని చంపుతుంది. మందిచ్చిన ఎలుకనీ చంపుతుంది. ఆ అణువులో ఒక ముక్క తీసి వేరేది అతికించి, ఎలుక బతికేలా చెయ్యాలని ఆవిడ మూడేళ్ల పంతం. ఆ రోజు ఆఖరి మెట్టు.

సరుకు కరిగించడానికి వాడే ఈథర్ అయిపోయింది. మా దీవుల జబ్బే ఇది. ఏదైనా షిప్‌లో రావాలి, అందుకని పాత సీసా ఏదీ పారెయ్యం. అలమారా అడుగున తేదీ చెరిగిపోయిన సీసా ఒకటి దొరికింది. పాతబడ్డ ఈథర్‌ని ఆవిరి చేస్తే అడుగున మిగిలేది పేలుతుంది.

"మేడమ్, అది ముట్టుకోకండి. షిప్ రానివ్వండి."

"అంతవరకు నా సరుకు పాడైపోద్ది అంకుల్. అయినా మీరు పీహెచ్‌డీ ఎప్పుడు చేశారు, బతాయియే?"

పగలు పదకొండు గంటలు. గదిలో మేమిద్దరమే. ఆ పాత ఈథర్ ఆవిరవుతున్న ఫ్లాస్క్ మీదకి ఆవిడ వంగి చూస్తోంది. నేను తలుపు పక్క బల్ల దగ్గరున్నాను.

ఎవరో వెనకనుంచి నా జుట్టు పట్టి, మొహం బల్ల అంచుకేసి బాదారు. రెండు పళ్లు ఊడాయి. మళ్లీ బాదారు. నోట్లో రక్తంతో వెనక్కి తిరిగితే గోడ తప్ప ఏమీ లేదు. అలాగే నేలకూలాను.

మేడమ్ పరుగెత్తుకొచ్చి నా పక్కన కూలబడింది. అప్పుడు పేలింది ఫ్లాస్క్. ఆవిడ వంగి నిలబడ్డ చోటుకి ఎదురుగా, ఆవిడ మొహం ఎత్తులో, గాజు పెంకులు గోడలో దిగబడ్డాయి.

అంతటితో ఆగలేదు. నేలమీద పడున్న నన్ను తన్నడం మొదలైంది. ఒక్కో దెబ్బకి నా ఒళ్లు ఎగిరిపడటం మేడమ్ కళ్లారా చూసింది. నామీద అడ్డంగా పడి, "బస్ కరో, ముసలాయన చచ్చిపోతాడు" అని ఖాళీ గదిని బతిమాలింది.

ఎక్స్‌రేలో రెండు పక్కటెముకలు విరిగి కనిపించాయి. డాక్టర్ అడిగిన మొదటి మాట, "కిస్నే మారా?" ఎవరు కొట్టారని.

వరండా కెమెరాలో లోపలికొచ్చినవాళ్లు ఎవరూ లేరు. నాకు మూర్ఛ వచ్చి పడ్డానని ఎంక్వైరీలో రాశారు. సిగ్గులేని రాతలు. ఏనాడూ మూర్ఛ ఎరగని ఒళ్లు నాది. సీసా సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మేడమ్ పాత సీసాలన్నీ పారేయించి, ఆ మందు మళ్లీ మొదటినుంచి చేస్తోంది.

పోయిన పెద్దలెవరో కాపాడారు, కొబ్బరికాయ కొట్టు అంటుంది మా ఆవిడ. నేను కొట్టలేదు. మేడమ్‌ని కాపాడటానికే వచ్చిందనుకుంటే, ఫ్లాస్క్ పేలేసరికి ఆ పని అయిపోయింది. తర్వాత కూడా నన్నెందుకు తన్నిందో ఎవరైనా చెబితే వింటాను. నాకు మాత్రం తెలియదు.