ఒకే గట్టు మీద రెండు గీతలు

ఏలూరులో మా ఆఫీసంటే మేడమీద ఒక గది, అందులో నేను. కొల్లేరు చేపల చెరువులకు కంప్యూటర్లో మ్యాపులు తయారుచేయడం నా పని. పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి రైల్లో రావడం, సాయంత్రం అదే దారిన పోవడం. మధ్యలో మనిషి గొంతు వినపడిందంటే అది కింద జెరాక్సు షాపులోదే. చేసే పని గురించి మాట్లాడుకోవడానికి పక్కన ఒక్క మనిషి ఉంటే చాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఓనరుగారు ఆ ఆశ పెట్టారు కూడా.

"కొత్త కంప్యూటర్లు రానివ్వండి మేడమ్, మీకు తోడుగా ఇంకొకర్ని తీసుకుందామండీ."

రెండు వచ్చాయి, సరికొత్త ప్రాసెసర్లతో. ఓనరుగారు పాస్టరుగారిచేత ప్రార్థన చేయించాకే స్విచ్ వేయనిచ్చారు. ప్రార్థన బాగానే జరిగింది. నా ప్రోగ్రాం మాత్రం సగం చెరువులు గీసి చచ్చింది. మళ్లీ నడిపితే మళ్లీ అక్కడే. పాత కంప్యూటర్లో మాత్రం ఏ పేచీ లేదు.

"పాతదాంట్లో ఆడింది కదండీ, మీరేదో నొక్కేసుంటారు," అన్నారాయన.

ఒళ్లు మండింది. ఎక్కడెక్కడివాళ్లో రాసి ఇంటర్నెట్లో పెట్టిన రెడీమేడ్ ప్రోగ్రాం ఒకటుంది, లైబ్రరీ అంటారు, నా మ్యాపుల్లో గీతల లెక్కలన్నీ అదే చేస్తుంది, పడిపోతున్నదీ అదే అని చెప్పినా ఆయనకెక్కుతుందా? దాన్ని రాసినవాళ్లకే మెయిల్ పెట్టాను. తన దగ్గర బాగానే నడుస్తోందని ఎవరో ఒకాయన ఒక్క ముక్క జవాబిచ్చాడు. సంతోషం! అయినా సిగ్గులేకుండా ఆ ముక్కనే పదేపదే చదువుకున్నాను. నా పని గురించి నాతో మాట్లాడినవాడు అతనొక్కడే మరి.

చివరికి చెరువుల్ని ఒక్కొక్కటే తీసేసి చూస్తే దొరికింది. ఆకివీడు వైపు పక్కపక్కనే రెండు చెరువులు, మధ్యన గట్టు ఒక్కటే. కానీ ఒకరి సర్వేకి రెండో ఆసామి రాడు. ఎవరికివారు సర్వేవాళ్లను వెంటబెట్టుకుని అదే గట్టు మీద విడివిడిగా నడిచారు. దాంతో ఒక్క గట్టు నా మ్యాపులో రెండు గీతలైంది, అవి అడుగడుగునా ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి. పాత ప్రాసెసరు లెక్క మధ్యలో దశాంశ స్థానాలు కాస్త ఎక్కువ ఉంచుకుని ఎలాగో నెట్టుకొచ్చేది. కొత్తది ఆ అంకెల్ని ముందే కోసేస్తోంది. గీతలెక్కడ కలిశాయో తేలక లైబ్రరీ కూలిపోతోంది. అలాంటి గట్లన్నీ వెతికి ఒక్కోదానికి ఒకే గీత గీశాను. ప్రోగ్రాం చివరిదాకా నడిచింది.

ఎవరికి చెప్పను? భీమడోలు దాటేదాకా ఆపుకుని, రైల్లో పక్కన కూర్చున్న టీచరమ్మగారికి చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "అయితే మా ఇంట్లో టీవీ కూడా బాగుచేస్తారాండీ?" అన్నారు.

మర్నాడు మ్యాపు చూసి ఓనరుగారు పొంగిపోయారు.

"ఎవరి సాయం లేకుండా మీరే తేల్చేశారండీ! ఇంకొకరెందుకండీ, దండగ. మీరొక్కరే చాలు."

నన్నెవరూ అంతగా మెచ్చుకుని ఎరగరు. "థాంక్సండీ," అన్నాను. ఆయన మెట్లు దిగి వెళ్లేదాకా ఆగి ఏడ్చాను. ఆ తప్పు నాకు దొరక్కపోయినా బాగుండేదనిపించింది.