లేని సెంటర్‌లో ఖాళీ మిషన్

2024 మొదట్లో, మేడారం జాతర జరుగుతున్న వారం. మడికొండ ఐటీ పార్కులోని మా ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. సెలవు దొరికినవాళ్లు అమ్మవార్లకు బంగారమని ఇచ్చే బెల్లం నెత్తిన పెట్టుకుని జాతరకు పోయారు, దొరకనివాళ్లు ట్రాఫిక్ పేరు చెప్పి ఇంట్లో ఉండిపోయారు. మాది వరంగల్ బజారులో గాజుల దుకాణం. కరెంటు పోయినా షట్టర్ దించని ఇంట్లో పుట్టాను కాబట్టి నేను మాత్రం సీట్లోనే ఉన్నాను.

మాది ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ. నేను చూసే పనుల్లో ఒకటి, ఒక ట్రస్టు నడిపే డయాలసిస్ సెంటర్లది. కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే చోట్లు అవి. హన్మకొండలో ఒకటి, ఏటూరునాగారంలో ఒకటి. ఏ పేషెంట్ ఏ రోజు ఎక్కడికి రావాలో చూసి స్లాట్ ఇవ్వడం, ఫోన్‌కు మెసేజ్ పంపడం మా ప్రోగ్రామ్ పని. దాన్ని మొదట రాసినతను హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం చూసుకుని పోయాడు. కోడ్ నాకొచ్చింది. ఒకరు వదిలిపోయిన కోడ్ పాత ఇల్లు కొన్నట్టే, ఏ గోడలో ఏ వైరుందో మేకు కొట్టేదాకా తెలియదు.

మధ్యాహ్నం హన్మకొండ సెంటర్ ఇన్‌ఛార్జ్ నర్సు విజయక్క ఫోన్ చేసింది. ఆమె మంచిది, నోరు మాత్రం కత్తెర.

"మేడం, మల్లయ్య అని ఒక పేషెంట్ ఏటూరునాగారం అవతల్నుంచి వచ్చిండు. ఇయ్యాల స్లాట్ ఇచ్చిండ్రు అంటాండు. మా దగ్గరైతే పేరు లేదు."

నేను సిస్టమ్‌లో చూశాను. "కన్ఫర్మ్ అనే ఉన్నది గదా అక్కా."

"గట్లనా? మరి నీ సిస్టమ్ మీదనే పండవెట్టి డయాలసిస్ చెయ్యమంటవా? మనిషికి ఊపిరాడుతలేదు. జర జల్ది చూడు."

మల్లయ్యకు పోయిన మెసేజ్ తీసి చూశాను. రోజు ఉంది, టైము ఉంది. 'సెంటర్' అన్నచోట ఏమీ లేదు. లాప్‌టాప్ సంచిలో పడేసుకుని స్కూటీ తీశాను.

మల్లయ్యను ఆక్సిజన్ పెట్టి మంచం మీద కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. పాదాలు చెప్పులు పట్టనంతగా వాచాయి. డయాలసిస్ ఆలస్యమైతే ఒంట్లో నీరు పేరుకుని ఊపిరితిత్తుల దాకా వస్తుంది. ఆయన భార్య సారక్క ఆ చెప్పులు కవర్లో పెట్టుకుని పక్కన నిలబడింది. ఇద్దరూ కూలికి పోయి బతికేవాళ్లు.

"ఏటూరునాగారంల అడిగితే ఈడ కాదన్నరు బిడ్డా. ఈడ కాకుంటే హన్మకొండనే అయితదని వచ్చినం. జాతర బండ్లల్ల ఇరుక్కోని బస్సు కదలనే లేదు" అంది. ఫోన్ నా చేతికిచ్చింది. "ఖాళీ ఉన్నదనే గదా మెసేజ్ ఇచ్చిండ్రు. గా ఖాళీ ఏడున్నదో చెప్పు, ఆటో కట్టుకోని పోతం."

సిగ్గేసింది. ఆమె ముఖం చూడలేక లాప్‌టాప్ తెరిచాను.

విజయక్క అప్పటికే డాక్టరుతో మాట్లాడేసింది. మిషన్లన్నిటి మీదా మనుషులున్నారు. సాయంత్రం ఆఖరి షిఫ్ట్ అయ్యాక ఇంకో షిఫ్ట్ నడపాలి, అప్పటిదాకా మల్లయ్య ఆగాలి. ఆగకపోతే పెద్ద దవాఖానకు పంపాలి, అక్కడ మిషన్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. మిషన్లు నడిపే టెక్నీషియన్ జాతరకు పోదామని బ్యాగు సర్దుకుంటుంటే ఆమె వదల్లేదు. "అమ్మవార్లు యాడికి పోరు తమ్మీ, రేపు పోదువు గని. ఇయ్యాల నాకు తోడుండు."

ఇక నా పని. మేం ప్రోగ్రామ్‌లు రాసే జావా భాషలో డిపెండెన్సీ ఇంజెక్షన్ అనే పద్ధతి ఉంది. ప్రోగ్రామ్‌లో ఒక్కో భాగాన్ని ఆబ్జెక్ట్ అంటాం. అది తనకు కావలసినవి తనే వెతుక్కోదు. మనం ఒక ఫైల్‌లో రాసి పెడితే, కంటైనర్ అనేది ఆ ఫైల్ చదివి ఆబ్జెక్ట్‌ను తయారుచేసి, కావలసినవన్నీ దాని చేతికిస్తుంది. మా ప్రోగ్రామ్‌లో ఒక్కో సెంటర్ ఒక్కో ఆబ్జెక్ట్. రెండు సెంటర్లకూ షిఫ్ట్ టైములు ఒకటే, మిషన్ల సంఖ్య ఒకటే. ఉన్నదే రెండుసార్లు రాయడం దండగని, అందరికీ చెందేవి పేరెంట్ అనే చోట ఒక్కసారే రాస్తాం. చైల్డ్ అనేచోట ఆ సెంటర్ పేరు, అడ్రసు మాత్రం రాస్తే మిగతావి పేరెంట్ నుంచి వచ్చేస్తాయి. దీన్ని కాన్ఫిగరేషన్ ఇన్హెరిటెన్స్ అంటాం. మంచి పద్ధతే, నేనూ రోజూ వాడతాను.

అయితే ఒక షరతు ఉంది. పేరెంట్ అనేది టైలరు చేసుకునే పేపర్ కటింగ్ లాంటిది. దాన్ని చూసి జాకెట్లు కుట్టాలి కానీ, దాన్నే తొడుక్కోమని ఇవ్వకూడదు. ఆ సంగతి కంటైనర్‌కు తెలియాలంటే పేరెంట్ పక్కన 'అబ్‌స్ట్రాక్ట్' అని ఒక మాట రాయాలి. మొదట హన్మకొండ సెంటర్ ఒక్కటే ఉండేది. ఏటూరునాగారం వచ్చినప్పుడు, నా ముందున్నతను పాతదాంట్లోంచి పేరు, అడ్రసు తీసేసి దాన్నే పేరెంట్ చేశాడు. దాని కింద రెండు ఊళ్లకూ రెండు చైల్డ్‌లు రాశాడు. ఆ ఒక్క మాట రాయలేదు.

కంటైనర్ తన పని తాను చేసింది. రెండు సెంటర్లకు బదులు మూడు తయారుచేసింది. మూడోదానికి మిషన్లున్నాయి, షిఫ్టులున్నాయి, పేరూ ఊరూ లేవు. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకపోవడానికి కారణం, సొంత సెంటర్ నిండితేనే ప్రోగ్రామ్ మిగతావాటిలో ఖాళీ వెతుకుతుంది. జాతర రద్దీకి భయపడి ఆ వారం చాలామంది రోజులు మార్చుకున్నారు. రెండు సెంటర్లూ నిండాయి. అప్పుడు ప్రోగ్రామ్‌కు మూడోది కనిపించింది. అక్కడికి ఎవరూ పోరు కాబట్టి అక్కడ ఎప్పుడూ ఖాళీయే.

ఆ మూడోదాని బుకింగులు తెరిస్తే మల్లయ్య తర్వాత ఇంకొందరి పేర్లున్నాయి. అందరికీ మెసేజ్‌లు పోయాయి. విజయక్కా నేనూ చెరో ఫోన్ పట్టుకుని ఒక్కొక్కరికీ చెప్పాం, ఆమె వాళ్లను అదనపు షిఫ్టుల్లో సర్దింది. తర్వాత పేరెంట్ పక్కన 'అబ్‌స్ట్రాక్ట్' అన్న ఆ ఒక్క మాట రాసి, ప్రోగ్రామ్ మళ్లీ నడిపి చూశాను. సెంటర్లు రెండే వచ్చాయి.

సాయంత్రం మల్లయ్యను మిషన్ మీదికి తీసుకున్నారు. సగం అయ్యేసరికి ఆయన వెనక్కి వాలి పడుకోగలిగాడు. అది చూశాక సారక్క చెప్పుల కవర్ కింద పెట్టింది.

మర్నాడు ట్రస్టు మేనేజరుతో చిన్న గొడవ. ఇక ముందు రెండూ నిండితే "ఖాళీ లేదు, ఆలస్యం చేయకుండా సెంటర్‌కు ఫోన్ చేయండి" అని మెసేజ్ పోవాలన్నాను. "ఖాళీ లేదని చెప్తే మన పేరు ఖరాబైతది మేడం. వెయిటింగ్ అని పెట్టుండ్రి" అన్నాడాయన. "వెయిటింగ్ అంటే వాళ్లు వెయిట్ చేస్తరు సార్. వాళ్ల ఒంట్ల నీళ్లు వెయిట్ చెయ్యయి" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, కానీ ఒప్పుకున్నాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు సారక్క ఫోన్ చేసింది. సెంటర్‌లో కలిసిన రోజే ఆమెకు నా నంబరు రాసిచ్చాను.

"బిడ్డా, మొన్న ఖాళీ లేదని మెసేజ్ వచ్చింది."

"మరేం చేసిండ్రవ్వా?"

"విజయమ్మకు ఫోన్ చేసినం. సర్కారు దవాఖానల మాట్లాడి పెట్టింది, పొద్దుగాల్నే పోయినం. ముసలాయన మంచిగున్నడు, ఫికర్ చెయ్యకు. ఆనాడు ఉన్నదంటే నమ్మి తిరిగినం. గీసారి లేదన్నరు, ఇంకో దారి చూసుకున్నం."

ఆ కేసు తర్వాత ఎవరి కోడ్ నా ముందుకొచ్చినా మొదట పేరెంట్‌నే చూస్తాను. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లు "మేడం సంబంధం చూడటానికి వచ్చినట్టు తల్లిదండ్రుల గురించి అడుగుతరు" అని నవ్వుతారు. నవ్వనీ. ఉన్నవాటిని పేరెంట్ నుంచి చైల్డ్‌కు కంటైనరే అందిస్తుంది. లేనిదాన్ని లేదని మాత్రం మనమే రాయాలి.