కడగని బోటి

మొన్న నాగలమడికలో మందుల అంగడి దగ్గర నిలబడి ఉంటే, మోకాళ్ల నొప్పికి మాత్రలడిగిన పెద్దాయనకు అంగడాయన కడుపు కోసమని ఇంకో మాత్ర కూడా కలిపి ఇచ్చాడు. ఆ రెండోది ఎందుకో నాకు కాస్త తెలుసు. కడుపు లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని నొప్పి మాత్ర సరిగా తయారు కానివ్వదు. ఇన్నేళ్లు పత్రికలో పనిచేసినా, ఈ సంగతి నేర్పింది మాత్రం మా అమ్మాయే.

సోలార్ పార్కు కోసం మా వైపు భూములు లీజుకు పోతున్న రోజులవి. బెంగళూరులో పరిశోధన చేస్తున్న మా అమ్మాయి, గొర్రె కడుపు పొరలో ఆ పదార్థం ఎంత తయారవుతుందో, ఎంత త్వరగా విరిగిపోతుందో కొలిచేది. మందులెరుగని, బీళ్లలో మేసిన గొర్రెది కావాలని, ఇంటింటా గొర్రెను కోసే ఊరి దేవర పండగనాడు, ముక్కను అక్కడికక్కడే గడ్డకట్టించే, పొగలు చిమ్మే నైట్రోజన్ డబ్బాతో మా అక్క ఇంట్లో దిగింది. మేతబీళ్లు పోతున్నాయని మందలన్నీ అమ్ముడవుతున్న ఏడాది కనుక, ఈ దేవర దాటితే ఇక దొరకదేమోనని దాని బెంగ.

బోటి కడగడంలో మా అక్కకు ఊళ్లో పెద్ద పేరు. గొర్రెను కోసిన తరువాత మేము డబ్బా సర్దుకునేలోగా, మేనకోడలి మీది ప్రేమకొద్దీ ఆ కడుపును మరిగే నీళ్లలో ముంచి, సున్నం రాసి, లోపలి పొరంతా గీకి, ఉతికిన పంచెలా తెల్లగా తెచ్చి చేతిలో పెట్టింది. అమ్మాయి ముఖం వాడిపోయింది.

“ఏం పాపా, ఇంకా వాసన వస్తాండాదా?”

“అయ్యో అత్తా, నాకు కావాల్సిందే గీకి పారేసినావు!”

సంగతి అర్థమైన మరుక్షణం అక్క కొంగు బిగించి, అప్పుడే గొర్రెను కోస్తున్న పక్కింటికి పరుగెత్తింది.

“కడగొద్దండప్పా! మా పాపకు మురికిదే కావాలంట!”

“బెంగళూరులో అట్లే తింటారేమో లేక్కా!” అన్నాడు పక్కింటాయన.

వీధంతా నవ్వింది. నీళ్ల చెంబుతో ఎవరూ దగ్గరికి రాకుండా అక్క కాపలా కాస్తుంటే, అమ్మాయి తనకు కావలసిన ముక్క కోసుకుని డబ్బాలో వేసుకుంది. కొలతలు బాగా వచ్చాయని తరువాత ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడు ఆ బీళ్ల నిండా సోలార్ పలకలే. అమ్మాయి పనికీ గొర్రె అక్కర్లేదట, గాజు పళ్లెంలో పెంచిన కణాలు చాలునట. మంచిదే. కానీ దేవర దగ్గర పడగానే మా అక్క ఇప్పటికీ ఫోన్ చేసి, ఒకటి కడగకుండా ఉంచమంటావా అని అడుగుతుంది. వద్దనడానికి నోరు రాదు. అమ్మాయిని అడిగి చెబుతానంటాను.