కదిలితే పోయే కల

మొన్న ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకున్నాను. పక్కన కూర్చున్నామె చీర నుంచి తడి వల వాసన వచ్చింది. దాంతో నా చిన్నప్పటి ఒక తెల్లవారుజాము గుర్తొచ్చింది.

చేపల వేటకెళ్ళి ముందురోజు సాయంత్రం రావలసిన మా అయ్య పడవ ఇంకా రాలేదు. బయట గాలివాన. అమ్మ ఒడ్డుకు పరుగెత్తింది. నాకు మెలకువ వస్తూనే ఏడుపొచ్చింది.

"అయ్య కల్లోకొచ్చి ఏటో సెప్పాడు, నాయనమ్మా. మర్సిపోనాను."

నాయనమ్మ నా భుజం నొక్కిపట్టింది. "కదలకే. కళ్ళు తెరవకు. ఏ పక్కకి తొంగున్నావో ఆ పక్కకే ఉండు. కల కొస దొరికితే సాలు, వల తాడు లాగినట్టు మెల్లగా లాగు."

దేవుడు కలలో మాట్లాడతాడని మా చర్చి సంఘంలో విన్నాను. ఆ మాట గుర్తు రాకపోతే అయ్య రాడని నాకు నేనే అనుకున్నాను. చెయ్యి తిమ్మిరెక్కినా, ముక్కు మీద ఈగ వాలినా కదలలేదు. పడవ అంచు గుర్తొచ్చింది, అయ్య తడి చొక్కా గుర్తొచ్చింది. మాట మాత్రం రాలేదు.

అంతలో గుమ్మంలో అయ్య గొంతు వినిపించింది. "ఏటే, ఇంకా లెగలేదేటి?"

కల తిరిగొచ్చిందనుకున్నాను. కళ్ళు తెరిస్తే పోతుందని ఇంకా గట్టిగా మూసుకున్నాను.

"తెరవే, ఎర్రిమొకమా," అంది నాయనమ్మ.

నేను తెరవలేదు. చివరికి అయ్య తనే చల్లని వేళ్ళతో నా రెప్పలు విప్పాడు.

దేవుడు చెప్పదలచుకున్నది కలలో కాక గుమ్మంలో చెప్పాడని నా నమ్మకం. ఆ కల కోసం నాకంటే నాయనమ్మే ఎక్కువగా ఎదురుచూసిందని మాత్రం, నేనూ ఒక కొడుకును కన్నాకే తెలిసింది.