డ్రిల్లు మాస్టారి మనవరాలు

డ్రిల్లు మాస్టారు రిటైరయ్యారు గానీ, ఆ సంగతి ఆయన గొంతుకి ఎవరూ చెప్పలేదు. పాల ప్యాకెట్లు వేసేవాడు కూడా ఆయన గేటు దగ్గర నడుం నిటారుగా పెట్టేవాడు. ఆయన లెక్కలో రోగాలు రెండే: బద్ధకం, గారాబం. భార్యకి మోకాళ్ల నొప్పులంటే గుంజీలు తీయమన్న మహానుభావుడు.

అలాంటాయన చేతికి రెండో తరగతి చదివే మనవరాలు చిక్కింది. కూతురు ఇదే ఊరికి బదిలీ అయి, పిల్లతో సహా పుట్టింట్లో దిగింది. పిల్ల పుల్లలా ఉండేది. ఒక దగ్గు తగ్గేలోపు ఇంకో జలుబు. మాస్టారు చూడగానే రోగం కనిపెట్టేశారు: గారాబం. మందు కూడా ఆయన దగ్గరే ఉంది: పొద్దున్నే మైదానం చుట్టూ పరుగు.

పిల్ల సగం దూరం వెళ్లి గోడకి ఆనుకునేది. "తాతయ్యా, గుండె దడదడలాడుతోంది" అనేది.

"పరిగెత్తితే దడదడలాడక పాట పాడుతుందా?" అనేవారు మాస్టారు. తన జోకుకి తనే నవ్వుకునేవారు కూడా.

ఓసారి దగ్గు ఎంతకీ తగ్గకపోయేసరికి, కూతురు ఆయన మాట పెడచెవిన పెట్టి పిల్లల డాక్టరు దగ్గరికి బయల్దేరింది. క్రమశిక్షణ గురించి డాక్టరమ్మకి నాలుగు ముక్కలు చెప్పొచ్చని ఆయనా వెంటపడ్డారు. చెబుతూనే ఉన్నారు. ఆవిడ స్టెతస్కోపు పిల్ల ఛాతీ మీద ఆనించి, కాసేపు మాట్లాడొద్దంది. సర్వీసు మొత్తంలో ఆయనతో ఆ మాట అన్నవాళ్లు లేరు.

గుండె చప్పుడులో ఏదో అదనపు శబ్దం ఉందని ఆవిడ వాళ్లని గుండె డాక్టరు దగ్గరికి పంపింది. అక్కడ మసక గదిలో, పిల్ల ఛాతీకి చల్లటి జెల్లు రాసి ఎకో పరీక్ష చేశారు. గుండెలో పై గదుల మధ్య గోడకి రంధ్రం ఉంది. దాంట్లోంచి రక్తం పక్కదారి పట్టి ఊపిరితిత్తులకి ఎక్కువగా పోతోంది. గుండె కుడి భాగం సాగిపోయింది. పుట్టుకతో వచ్చిందేనట.

పుట్టుకతో ఉన్నది ఇన్నేళ్లూ ఎందుకు తెలియలేదని మాస్టారు నిలదీశారు, ఆ రంధ్రం డాక్టరే పెట్టినట్టు. ఇలాంటివి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటాయని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. మాస్టారు ఇంట్లో ఎవరూ ఎరగని గొంతుతో అడిగారు.

"నేను రోజూ పరిగెత్తించానండీ. దానివల్ల గానీ..."

"రంధ్రం మీవల్ల రాలేదు. కానీ అలసటగా ఉందని పిల్ల చెబితే నమ్మండి."

తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, చిన్న గొడుగులా విచ్చుకునే సాధనంతో రంధ్రం మూసేశారు. ఛాతీ కోయాల్సిన పని పడలేదు. బయట ప్లాస్టిక్ కుర్చీలో మాస్టారు ముడుచుకుని కూర్చున్న తీరు చూస్తే, నడుం వంచావని ఆయన చేత తిట్లు తిన్న శిష్యులంతా చప్పట్లు కొట్టేవాళ్లు.

పిల్ల కోలుకుంది. ఆర్నెల్ల తర్వాత పరీక్షించి, ఇక హాయిగా ఆడుకోవచ్చన్నాడు డాక్టరు. మాస్టారికి మాత్రం వైద్యం మీద మళ్లీ నమ్మకం పోయింది. మెట్లెక్కితే ఎత్తుకోబోయేవారు, పుస్తకాల సంచీ తనే మోసేవారు. కూతురు ఎంత చెప్పినా డాక్టర్లకేం తెలుసనేవారు.

స్కూల్లో పరుగు పందెం రోజు పిల్ల ఆయనకి చెప్పకుండా పేరిచ్చింది. మాస్టారు చూసేసరికి పందెం మొదలుపెట్టే ఈల మోగిపోయింది. పందెం దారికి కట్టిన తాడు బయట ఆయనా పిల్ల పక్కనే పరుగెత్తారు, నెమ్మదిగా వెళ్లమని బతిమాలుకుంటూ. పిల్ల ఎక్కడా ఆగకుండా పందెం పూర్తిచేసి, ఘనంగా అందరికంటే ఆఖరున వచ్చింది.

"ఆయాసంగా ఉందామ్మా?" అన్నారు మాస్టారు, మాట మధ్యలో రెండుసార్లు ఆగి.

"కొంచెమే. నువ్వు కూర్చో తాతయ్యా."

ఆయన కిక్కురుమనకుండా కూర్చున్నారు.