ఆగస్టు డేటా

నా మాస్టర్స్ థీసిస్ మొదటి ప్రతిలో రెండు పేజీల కట్టుకథ ఉండేది. కట్టుకథ అని రాసేటప్పుడు నాకు తెలియదు. మిషన్ మొరాయించే ముందు ఎందుకు నిశ్శబ్దమైపోతుందో అందులో వివరించాను. బేరింగులో గ్రీజు పలచబడటం, దాని పొర తెగిపోవడం, కంపనాలు మారిపోవడం, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చి రెండు బొమ్మలు కూడా గీశాను. నాకు మామూలుగానే నోరు ఎక్కువ. తెలియని విషయమైతే ఇంకొంచెం ఎక్కువ.

అప్పుడు నేను జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్‌లో చదువుతున్నాను. థీసిస్ యూనివర్సిటీ ల్యాబ్‌లోనే కూర్చుని చేయొచ్చు, లేదా ఏదైనా కంపెనీతో కలిసి నడిచే ప్రాజెక్టులో చేయొచ్చు. కంపెనీతో చేస్తే ఉద్యోగం తొందరగా దొరుకుతుందని సీనియర్లు చెప్పడం వల్ల మా బ్యాచ్‌లో అందరికీ కంపెనీ థీసిసే కావాలి. నాకు దొరికింది అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీ. రైల్లో అరగంట, దిగాక పావుగంట నడక. అక్కడ అట్టలు కోసే పెద్ద మిషన్ ఒకటి వారానికి ఒకటి రెండుసార్లు మొరాయించేది. అది ఆగితే లైనంతా ఆగిపోయేది. దాని పక్కన మైకు పెట్టి, చప్పుడును బట్టి, ఆగబోతోందని ముందుగానే చెప్పగలిగే మోడల్ తయారుచేయాలి. కంపెనీ మిషన్ ఇస్తుంది, యూనివర్సిటీ బుర్ర ఇస్తుంది. ఆ బుర్ర నాదే.

జర్మనీలో పనిచేసే చోట మైకు పెట్టడమంటే మాటలు కాదు. బెట్రీబ్స్‌రాట్, అంటే కార్మికులు తమ తరఫున ఎన్నుకున్న కమిటీ, ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు పెట్టారు. అక్కడ పనిచేసేవాళ్ల మాటలు ఎవరి చెవినా పడకూడదు. అందుకని మైకు ఉన్న డబ్బాలోనే చప్పుడు అప్పటికప్పుడు అంకెలుగా మారిపోవాలి, అసలు చప్పుడు చెరిగిపోవాలి. నా దాకా వచ్చేవి ఆ అంకెలే. పిల్లను చూడకుండా జాతకాలు చూసి పెళ్లి ఖాయం చేసినట్టు, చప్పుడు మీద మూడు నెలలు పనిచేశాను, ఒక్క క్షణం చప్పుడు వినకుండా. ఈ షరతు మీద నేను సణిగినంత ఇంకెవరూ సణిగి ఉండరు.

ఆ మిషన్ నడిపేది అరవైకి దగ్గరపడిన ఒక పెద్దాయన. ఆయనది అచ్చమైన ఫాల్జ్ యాస, ఆ చుట్టుపక్కల ఊళ్ల మాట. నాది క్లాసులో నేర్చుకున్న జర్మన్. ఆయన చెప్పేదాంట్లో సగం అర్థమయ్యేది, మిగతా సగానికి తల ఊపేదాన్ని. మైకు బిగించడానికి మిషన్ ఆపిన రోజు ఆయన దగ్గరికి వచ్చి చూసి, "ఇది నా పని చేస్తుందా?" అని అడిగాడు.

"లేదండీ, మీకు సాయం చేస్తుంది," అన్నాను, అంతా తెలిసినదానిలా.

"చేయనీ," అని ఆయన కాఫీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నెలల తరబడి నాకు ఆ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కే పనే పడలేదు, అంకెలు వాటంతట అవే వచ్చేవి.

మేలో మొదలుపెడితే జూలైకల్లా మోడల్ అద్భుతంగా పనిచేసింది. మిషన్ ఆగడానికి ఇరవై నిమిషాలో అరగంటో ముందు, దాదాపు ప్రతిసారీ పట్టేసింది. ఎలా పడుతోందని లోపలికి వెళ్లి చూస్తే, ఆగే ముందు కొన్ని రకాల చప్పుళ్లు ఒక్కసారిగా తగ్గిపోతున్నాయి. మిషన్ నోరు మూసుకుంటోందన్నమాట. దాని మీదే ఆ రెండు పేజీలు రాశాను. మా ప్రొఫెసర్ పొగడ్తల విషయంలో మహా పిసినారి. అలాంటి మనిషి ఆ పేజీ అంచున పెన్సిల్‌తో 'ఆసక్తికరం' అని రాశాడు. దాన్ని ఫోటో తీసి నా రూమ్మేటుకు పంపాను. ఆ పిల్లది గుంటూరు. "ఫ్రేమ్ కట్టించుకోవే," అని జవాబిచ్చింది.

ఆగస్టులో మోడల్ చచ్చిపోయింది. మూడు వారాల్లో మిషన్ నాలుగుసార్లు ఆగింది, నా మోడల్ ఒక్కసారి కూడా నోరు మెదపలేదు. థీసిస్ ఇవ్వడానికి ఇంక ఐదు వారాలే ఉన్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను మైకును తిట్టాను. కేబుల్‌ను తిట్టాను. ఫ్యాక్టరీలో ఎండను కూడా తిట్టాను. ఫోన్ చేస్తే, మైకు బాగానే ఉందని అక్కడివాళ్లు చెప్పారు. మాటల్లో మాటగా, పెద్దాయన ఉర్లౌబ్ మీద వెళ్లాడని, ఆయన బదులు వేరే ఆవిడ చేస్తోందని కూడా అన్నారు. ఎవరు సెలవు మీద వెళ్తే నాకేంటని ఆ మాట అక్కడికక్కడే మరిచిపోయాను.

సెప్టెంబరు మొదట్లో ఒక సోమవారం కొత్త కేబుల్ పట్టుకుని స్వయంగా వెళ్లాను. పెద్దాయన సెలవు నుంచి తిరిగొచ్చాడు, ముక్కు ఎండకు కమిలి ఉంది. కేబుల్ మార్చాక, ఎందుకైనా మంచిదని పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మిషన్ ధడధడలాడుతోంది. దాన్ని మించి, మైకుకు చేతెడు దూరంలో, రేడియో మోగుతోంది. పాత పాటలు, మధ్యలో ఫుట్‌బాల్ ముచ్చట్లు. ఆయన దాంతో కలిసి పాడుతున్నాడు కూడా.

పది గంటలప్పుడు ఆయన చేయి చాపి రేడియో తగ్గించేశాడు. లేచి మిషన్ వైపు వంగి నిలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను.

"దీని తీరు బాగోలేదు."

"నాకేం తేడా వినపడటం లేదు."

"నీకెట్లా వినపడుతుంది, నువ్వు ఇవాళే కదా వచ్చింది," అన్నాడు, ఏమాత్రం వెటకారం లేకుండా.

ఇరవై నిమిషాల తర్వాత మిషన్ ఆగిపోయింది.

నేను స్టూలు మీద నుంచి లేవలేదు. "మీరు ఎప్పుడూ ఇలా రేడియో తగ్గిస్తారా?" అని అడిగాను.

"మరి తగ్గించకపోతే ఎట్లా వినాలి?" అన్నాడు ఆయన, పానా కోసం వెతుక్కుంటూ.

మిషన్ నోరు మూసుకోవడం లేదు. ఈయన రేడియో నోరు మూస్తున్నాడు. ఇన్నాళ్లూ నా మోడల్ విన్నది బేరింగును కాదు, ఈయన చేతిని. సెలవులో ఆయన బదులు చేసిన ఆవిడను వెతికి పట్టుకుని అడిగాను. తను చెవులకు కప్పులు పెట్టుకుని పనిచేస్తుందట, రేడియో ముట్టనే ముట్టదట. ఇంక అనుమానమే లేదు. పెద్దాయనకు ఏమీ చెప్పకుండా, తేలు కుట్టిన దొంగలా బ్యాగు సర్దుకుని రైలెక్కాను.

ఆ బుధవారమే ప్రాజెక్ట్ మీటింగ్. మోడల్‌ను తతిమ్మా మిషన్లకు కూడా పెట్టాలా వద్దా అని కంపెనీ అప్పుడే తేల్చుకుంటుంది. నా భయం కంపెనీ గురించి కాదు. మిగిలిన నాలుగు వారాల్లో కొత్త డేటా తీసుకుని కొత్త థీసిస్ రాయడం అయ్యే పని కాదు. ఫెయిలైతే ఇంకొక్క అవకాశమే ఇస్తారు. నా వీసా, మా నాన్న అందరికీ చెప్పుకున్న జర్మనీ డిగ్రీ, అన్నీ ఆ ఒక్క రేడియో నాబ్‌కు వేలాడుతున్నట్టు అనిపించింది. గదికి వచ్చి రూమ్మేటుకు మొత్తం చెప్పాను.

"ఏం చెయ్యాల్నో సమజైతలేదే," అన్నాను.

"నీకేమన్నా పిచ్చెక్కిందా? నోరు మూసుకుని సబ్మిట్ చేసి పారెయ్," అంది. "ప్రొఫెసర్ వచ్చి ఆ మిషన్ పక్కన కూర్చుంటాడేంటి? మైకులో చప్పుడు ఎవడూ వినడానికి లేదని నువ్వే అన్నావు కదా."

"మరి ఆగస్టు?"

"మైక్ పాడైందని రాయి. మైకేమన్నా వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే కంప్యూటర్ తెరిచి ఆ వాక్యం రాశాను. 'మైకు సరిగా పనిచేయనందున ఆగస్టు డేటాను పరిగణించలేదు.' థీసిస్ భాషలో ఉన్న సుఖం ఇదే. ఎవరు పరిగణించలేదో చెప్పక్కర్లేదు. మంగళవారం పొద్దున ఆ ప్రతిని ప్రొఫెసర్‌కు పంపేశాను. ఆ రోజు అన్నం సహించలేదు. నిద్ర సంగతి చెప్పనే అక్కర్లేదు.

బుధవారం ప్రొఫెసర్ కారులోనే ఫ్యాక్టరీకి వెళ్లాం. దారిలో ఆయన ఆ ప్రతి గురించి ఒక్క మాట ఎత్తలేదు. మీటింగ్ గదిలో మేమిద్దరం, ప్రొడక్షన్ చూసే మేడం, ఆమె చెప్పినవన్నీ ప్రోటోకోల్‌లోకి, అంటే మీటింగ్ మినిట్స్‌లోకి, ఎక్కించే ఒకాయన. ఇక్కడ మీటింగ్‌లో అన్న మాట ప్రోటోకోల్‌లోకి ఎక్కిందంటే రాతి మీద చెక్కినట్టే. నేను స్లయిడ్లు చూపించాను. మే, జూన్, జూలై. ఆగస్టు దగ్గర ఒక చిన్న అడ్డగీత. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరైనా అడుగుతారేమోనని రెండు రోజులుగా చస్తూ వచ్చాను. తీరా అడగకపోయేసరికి ఇంకా భయమేసింది.

మేడం సంతోషంగా ఉంది. "వచ్చే వసంతానికి ఆరు మిషన్లకూ పెట్టేద్దాం," అంది. "అప్పుడు ప్రతి షిఫ్టులో ఒక అనుభవస్థుణ్ణి పక్కన నిలబెట్టక్కర్లేదు."

పక్కాయన అది టైప్ చేయడం మొదలుపెట్టాడు. ఆ టకటక వింటుంటే నాకు ఒకటే కనిపించింది: ఆరు మిషన్లు, పక్కన చెవి పెట్టేవాళ్లు ఎవరూ లేరు, నా మోడల్ మాత్రం ఎవరో వచ్చి రేడియో తగ్గిస్తారని ఎదురుచూస్తోంది.

"ఆగండి, అది రాయకండి," అన్నాను. గొంతు కాస్త ఎక్కువే లేచింది. ఆ తర్వాత నా జర్మన్‌కు కాళ్లు విరిగిపోయాయి. క్రియలు ఎక్కడ పడాలో అక్కడ పడలేదు, లింగాలన్నీ తారుమారయ్యాయి. అయినా మొత్తం చెప్పాను: రేడియో, పెద్దాయన, సెలవు, చెవికప్పుల ఆవిడ. మైకు బాగానే ఉందని, బాగోలేదని నేనే అబద్ధం రాశానని కూడా చెప్పాను.

మేడం కాసేపు స్లయిడ్ వైపు చూసింది.

"అంటే, ఆయన పక్కన ఉంటేనే ఇది పనిచేస్తుందా?"

"పనిచేసేది ఆయనండీ. ఇది పనిచేయదు."

ఆమె పకపకా నవ్వేసింది. కోపం వస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, ఆమె కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటోంది. "వసంతంలో కాకుండా ఇప్పుడే తెలిసింది, అదృష్టం," అంది. పక్కాయనతో, "రాయి. రేడియో మైకుకు దూరంగా జరపాలి. కొత్తగా రికార్డు చేయాలి. ముందు ఆయన్ను కూర్చోబెట్టి, ఏం వినపడుతోందో అడగాలి," అంది. తర్వాత నా వైపు తిరిగి, "అడగడం మీ పనే," అంది. ప్లేటులో ఉన్న బిస్కెట్లు ఎవరూ చూడకుండా నాలుగు తిన్నాను.

అయితే ప్రొఫెసర్ ఇంకా నోరు విప్పలేదు. తిరుగు ప్రయాణంలో కారులో మళ్లీ మేమిద్దరమే. కంపెనీ సంగతి సరే, నా డిగ్రీ ఈయన చేతుల్లో ఉంది. థీసిస్‌లో అబద్ధం రాసిన విద్యార్థిని ఏం చేస్తారో నాకు తెలుసు, ఆ నిబంధనలు మంగళవారం రాత్రే చదివాను. కిటికీలోంచి గాలిమరలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

"నాలుగు వారాల గడువు పెంచమని పరీక్షల ఆఫీసుకు అర్జీ పెట్టండి, నేను సంతకం చేస్తాను," అన్నాడు చివరికి. ఆయన ఎంత కోపంలోనైనా నన్ను మీరు అనే పిలిచేవాడు. "మోడల్ ఎందుకు తప్పిందో రాయండి. అదే థీసిస్. ఆ గ్రీజు కథ తీసేయండి."

"థ్యాంక్స్ అండీ," అన్నాను. ఆయన చెప్పినట్టే రాశాను, దానికే డిగ్రీ వచ్చింది. ఆ క్షణంలో మాత్రం నాకు కావలసిందల్లా ఇంటికెళ్లి రెండు రోజుల అన్నం ఒకేసారి తినడం.

"మైకు పాడైందన్న వాక్యం నిన్న చదివాను," అన్నాడు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "చదవగానే అనుమానమొచ్చింది. ఇవాళ మీరు చెబుతారా లేదా అని చూస్తూ కూర్చున్నాను."

"మీకెలా తెలిసింది?"

"అలాంటి వాక్యం నా డాక్టరేట్ థీసిస్‌లోనూ ఒకటుంది. ఇరవై ఆరేళ్లయింది. ఎవరైనా అడిగితే చెప్పేద్దామనే ఉన్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

నేను మళ్లీ గాలిమరల వైపు తిరిగాను. అంత పెద్ద మనిషి, పాపం అనిపించింది. కానీ దాచడమెందుకు, ఆయన మీద జాలి కంటే నా మనసులో హాయే ఎక్కువగా ఉంది. నా అబద్ధం రెండు రోజులకే తీరిపోయింది.